ఏమరుపాటు – ప్రమాదము

ప్రమాదమను మాటకు నేడు మనము వాడుచున్న అర్థము వేరు, దాని మొదటి అర్థము వేరు. సంస్కృతమున ప్రమాదమనగా ఏమరుపాటు. ఎంతటి బుద్ధిమంతునికైనను ప్రమాదము తప్పదని పెద్దలు చెప్పినపుడు, బండి బోల్తాపడుటయో, చేయి యంత్రములో నలుగుటయో వారి ఉద్దేశము కాదు. ఎంత తెలివిగలవానికైనను ఒకానొక క్షణమున ధ్యాస తప్పునని మాత్రమే వారి భావము. కాలక్రమమున తెలుగులో ఆ మాట ఏమరుపాటును విడిచి దాని ఫలితమును పట్టుకొన్నది. కారణమునకును కార్యమునకును ఒకే పేరు ఏర్పడినది. అందుచేతనే కాబోలు, ఎక్కడనైనను దుర్ఘటన జరిగినదనగానే “ఎవడు ఏమరినాడు?” అను ప్రశ్న మన నాలుకపైకి ముందుగా వచ్చును.

వార్తాపత్రికలలో తరచుగా కనిపించు వాక్యమొకటి కలదు: “కార్మికుని నిర్లక్ష్యమే ఈ ప్రమాదమునకు కారణమని తెలియుచున్నది.” చూచుటకు ఇది సమాధానమువలె నుండును. కాని ఆ వాక్యముతో విచారణ ముగిసినచో, మరునాడు అదే యంత్రమువద్ద మరియొక మనిషి నిలుచును. అతడును మనిషియే. అతనికిని నిద్రవచ్చును, మరపు కలుగును, ఇంటివద్ద జ్వరముతోనున్న బిడ్డ జ్ఞప్తికి వచ్చును. మనిషిని మార్చినంతమాత్రమున ప్రమాదము తప్పదు. అట్లయిన ఏది మార్చవలెను? ఈ ప్రశ్నకు గడచిన నూరేండ్లలో అనుభవము నేర్పిన సమాధానమును వివరించుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ఒక ఉదాహరణము ఊహించుకొందము. వానకాలపు సాయంకాలము. గాలివాన వచ్చి, ఒక పల్లెలో విద్యుత్తీగలపై చెట్టుకొమ్మ విరిగిపడినది. లైన్‌మన్ సబ్‌స్టేషనునకు ఫోనుచేసి “లైన్ క్లియర్” అడిగినాడు. అనగా, తాను స్తంభమెక్కి పనిచేసి దిగువరకు ఆ ఫీడరులో విద్యుత్తు నిలిపి యుంచవలెనని కోరినాడు. ఆపరేటరు స్విచ్చి తీసి, పుస్తకములో వ్రాసికొని, సరేయన్నాడు. లైన్‌మన్ స్తంభమెక్కినాడు. ఇంతలో సబ్‌స్టేషనులో షిఫ్టు మారినది. కొత్తగా వచ్చిన ఆపరేటరునకు పది ఊళ్లనుండి ఫోనులు వచ్చుచున్నవి. అదే ఫీడరుపై వేరొకచోట పనిచేయుచున్న రెండవ లైన్‌మన్ తన పని ముగిసినదని తెలిపినాడు. ఆపరేటరు ఆ ఫీడరుపై పని యంతయు ముగిసినదనుకొని స్విచ్చి వేసినాడు. తరువాత ఏమి జరుగునో చెప్పనక్కరలేదు. ఇది కల్పితమైన కథయే. కాని మన జిల్లాల పత్రికలు చదువువారికి ఇట్టి వార్త కొత్తది కాదు.

ఇందులో తప్పెవరిది? రెండవ ఆపరేటరుదేనని చెప్పుట సులభము. కాని ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న వేరొకటి యున్నది: స్తంభముపైనున్న మనిషి ప్రాణము, అయిదు మైళ్ల దూరమున కూర్చున్న మరియొక మనిషి జ్ఞాపకశక్తిపై ఏల ఆధారపడినది? ఈ ప్రశ్నను మనస్సులో నుంచుకొని ముందుకు పోదము.

మనిషి చేయు పొరపాట్లన్నియు ఒక్క జాతివి కావు. ఈ విషయమును చిరకాలము పరిశీలించిన ఆంగ్లేయ మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు జేమ్స్ రీజన్ 1990లో ప్రకటించిన గ్రంథములో వీనిని వేరుచేసి చూపినాడు. మొదటిది తొట్రుపాటు. చేయవలసినది తెలిసియే యుండును. చేయి మాత్రము వేరొక మీటపైకి పోవును. చక్కెర డబ్బాకు బదులు ఉప్పు డబ్బా తీయుట ఈ జాతిది. రెండవది మరపు. పనిలో ఒక మెట్టు జారిపోవును. మూడవది పొరబడుట. చేయి తడబడలేదు, మనస్సు మరువలేదు. కాని పరిస్థితిని తప్పుగా అర్థము చేసికొనుటచే, తప్పు పనిని శ్రద్ధగా చేయుట జరుగును. మన కథలోని ఆపరేటరుది ఇట్టి పొరపాటు. నాలుగవది తెలిసియు నియమమును దాటుట. దీనినిగూర్చి తరువాత చెప్పుకొందము.

ఈ విభాగము పండితుల వినోదమునకు చేసినది కాదు. జబ్బును బట్టి మందు. తొట్రుపాటుపడినవానికి ఉపన్యాసమువలన ప్రయోజనము లేదు. ఏలయన అతనికి విషయము తెలియక కాదు. మరచినవానిని కోపించినంతమాత్రమున జ్ఞాపకము పెరుగదు. పొరబడినవానికి కావలసినది సరియైన సమాచారము. ఇవి యన్నియు తెలియక, అన్ని జబ్బులకు “జాగ్రత్తగా నుండుము” అను ఒక్క మాత్రనే ఇచ్చుచు వచ్చుట చిరకాలపు అలవాటు.

ఈ అలవాటునకు బలము చేకూర్చిన అంకె యొకటి కలదు. అమెరికాలో ఇన్సూరెన్సు కంపెనీ ఉద్యోగియైన హైన్‌రిచ్ 1931లో పారిశ్రామిక ప్రమాదములపై ఒక పుస్తకము ప్రకటించి, నూటికి 88 ప్రమాదములకు మనుష్యుల అపాయకరమైన చేష్టలే కారణమనియు, 10 మాత్రమే పరిస్థితులవలన జరుగుచున్నవనియు, మిగిలిన రెండు తప్పించరానివనియు వ్రాసినాడు. ఈ లెక్క ప్రపంచమంతటను వ్యాపించినది. కాని అతడు ఆధారముగా తీసికొన్నవి ఇన్సూరెన్సు కాగితములును, కర్మాగారముల యాజమాన్యములు వ్రాసిన నివేదికలును. దెబ్బ తగిలినవాడు తన కథ చెప్పుకొనుటకు ఆ కాగితములలో చోటు తక్కువ. అందుచేత తరువాతివారు ఈ లెక్కను ప్రశ్నించిరి. అయినను హైన్‌రిచ్ చెప్పిన మంచిమాటయు ఒకటి యున్నది: పెద్ద ప్రమాదమునకు పూర్వము చిన్నవి అనేకము జరుగును, వానిని గమనించువాడు పెద్దదానిని ఆపగలడు.

దృష్టి మారుటకు కారణమైనది రెండవ ప్రపంచయుద్ధము. అమెరికా సైన్యమువారి బి-17 బాంబరు విమానములు క్షేమముగా నేలకు దిగిన తరువాత, కొందరు పైలట్లు చక్రములను లోనికి ముడిచివేయుచుండిరి. విమానము కడుపుమీద పడి దెబ్బతినుచుండెను. సుశిక్షితులైన పైలట్లు ఇట్టి పని ఏల చేయుచున్నారని విచారించుటకు అల్ఫాన్స్ చపానిస్ అను యువ మనస్తత్త్వవేత్తను నియోగించిరి. అతడు పైలట్లను నిందించక, వారి ఆసనమువద్ద నున్న స్విచ్చులను చూచినాడు. చక్రములను నడుపు మీటయు, రెక్కలయందలి ఫ్లాపులను నడుపు మీటయు పక్కపక్కనే, ఒకే ఆకారమున నున్నవి. నేలకు దిగిన తరువాత ఫ్లాపులను ఎత్తవలెను. అలసిన చేయి పక్కనున్న మీటను పట్టుకొనుచున్నది. చపానిస్ చక్రముల మీటకు చిన్న రబ్బరు చక్రమును, ఫ్లాపుల మీటకు మేకువంటి పలుచని కొనను తగిలించినాడు. కన్ను చూడకున్నను చేతికి తేడా తెలిసినది. ఆ పొరపాటు అంతటితో నిలిచిపోయినది. 1947లో ఫిట్స్, జోన్స్ అను మరి ఇద్దరు 460 “పైలట్ల తప్పిదముల”ను పరిశీలించి, వానిలో చాలభాగము పరికరముల అమరికలోనే యిమిడి యున్నవని చూపిరి. మనిషిని యంత్రమునకు తగినట్లు మలచుటకంటె, యంత్రమును మనిషికి తగినట్లు మలచుట సులభమను సత్యము ఇట్లు స్థిరపడినది.

ఈ సత్యమునకు నిదర్శనములు వెదకుటకు విమానములవరకు పోనక్కరలేదు. మన ఇంటిలోనే కలవు. మూడు కాళ్ల ప్లగ్గును చూడుడు. ఎర్త్ కాలు మిగిలిన రెంటికంటె పొడవుగాను లావుగాను ఉండును. ప్లగ్గు పెట్టునపుడు విద్యుత్తు రాకమునుపే ఎర్త్ కలియును. తీయునపుడు విద్యుత్తు పోయిన తరువాతనే ఎర్త్ విడిపోవును. ప్లగ్గును తలక్రిందుగా పెట్టుటకు వీలులేదు. పెట్టువారికి ఇది తెలియనక్కరలేదు, ప్లగ్గునకే తెలియును. వంటింటిలోని ప్రెషర్ కుక్కరును చూడుడు. ఆవిరి మితిమీరినపుడు పైనున్న బరువు లేచి ఈల వేయును. మెతుకు అడ్డుపడి ఆ దారి మూసికొన్నచో, వేడికి కరగు లోహముగల సేఫ్టీ వాల్వు తెరచికొనును. గృహిణి ఏమరదని నమ్మి దానిని చేయలేదు; ఏ తల్లియైనను ఏదో ఒకనాడు పొయ్యి మీద కుక్కరును మరచునని తెలిసి చేసిరి. మరచినవారికి శిక్ష మాడిన పప్పు మాత్రమే కావలెను గాని, కాలిన ముఖము కారాదు. ప్రమాద నివారణ శాస్త్రమంతయు ఈ ఒక్క వాక్యములో నిమిడియున్నది.

రైళ్లలో ప్రయాణము చేసిన పెద్దలకు మరియొక దృశ్యము జ్ఞాపకముండును. ఒంటి పట్టాల మార్గముపై బండి స్టేషను దాటునపుడు, ప్లాట్‌ఫారముపై నిలిచిన మనిషి పెద్ద వెదురు వలయమును పైకెత్తి పట్టుకొనును. ఇంజను డ్రైవరు దానిలో చేయి దూర్చి అందుకొనును. ఆ వలయమునకు కట్టిన సంచిలో ఒక ఇనుప గుండు ఉండును. దీనిని టోకెన్ అందురు. రెండు స్టేషన్లలోను టోకెన్ యంత్రములుండి, అవి తీగలతో ఒకదానితో నొకటి ముడిపడి యుండును. ఒకచోట ఒక గుండు బయటికి తీసినచో, దానిని ఈవలనో ఆవలనో తిరిగి యంత్రములో వేయువరకు రెండవ గుండు ఎక్కడను బయటికి రాదు. గుండు చేతిలో లేనిదే డ్రైవరు కదలరాదు. ఎదురెదురుగా రెండు బండ్లు ఒకే పట్టాలపైకి రాకుండుటకు ఇద్దరు స్టేషను మాస్టర్ల జ్ఞాపకముపై ఆధారపడుటకు బదులు, జ్ఞాపకమును ఇనుప గుండుగా పోతపోసి చేతిలో పెట్టిరి. మరపు మనస్సునకు గాని ఇనుమునకు లేదు.

జపానులో షిగెయో షింగో అను ఇంజనీరు 1961లో ఒక కర్మాగారమునకు పోయినపుడు, అక్కడి పనివారు ఒక చిన్న స్విచ్చిలో రెండు స్ప్రింగులు అమర్చవలసియుండగా అప్పుడప్పుడు ఒకటి మరచుచుండిరి. యజమానులు వారిని మందలించుచునే యుండిరి. షింగో చేసినది చాల చిన్నపని. ముందుగా రెండు స్ప్రింగులను ఒక చిన్న పళ్లెములో పెట్టి, తరువాత అమర్చుమన్నాడు. పని ముగిసిన తరువాత పళ్లెములో స్ప్రింగు మిగిలియున్నచో, మరచిన సంగతి కంటికే కనబడును. ఇట్టి ఉపాయములను మొదట “మూర్ఖులనుండి రక్షణ” అను అర్థమునిచ్చు మాటతో వ్యవహరించిరి. ఆ మాట విని ఒక పనిమనిషి, “నేనంత మూర్ఖురాలనా?” అని కన్నీరు పెట్టుకొన్నదట. షింగో సిగ్గుపడి, 1963లో ఆ పేరు మార్చి “పోకా-యోకే”, అనగా పొరపాటునుండి రక్షణ, అని పెట్టినాడు. పేరులోని ఈ మార్పు చిన్నది కాదు. మూర్ఖులు కొందరే; పొరపాటు అందరిది.

మన కర్మాగారములలోను ఈ మార్గము పరిచితమే. లేతు యంత్రముపై చక్కును బిగించిన తాళపుచెవిని అందులోనే మరచి యంత్రమును నడిపినచో, అది తూటావలె ఎగిరి తగులును. ఆ తాళపుచెవికి ఒక స్ప్రింగు పెట్టినచో, చేయి వదలగానే అది తానే బయటికి ఊడిపడును. రేకులను నొక్కు ప్రెస్సునకు దూరదూరముగా రెండు బొత్తాములు పెట్టి, రెండింటిని రెండు చేతులతో ఒకేసారి నొక్కిననే యంత్రము దిగునట్లు చేసినచో, వ్రేళ్లు నలుగుటకు అచ్చుక్రింద చేతులే యుండవు. పొలములలో నూర్పిడి యంత్రములు ఎందరో కూలీల చేతులను మ్రింగినవి. అందుచేతనే 1983లో అపాయకర యంత్రముల నియంత్రణ చట్టము వచ్చినది. కంకులు వేయు తొట్టి చేయి దంతములవరకు పోజాలనంత పొడవుగా నుండిన, కునికిపాటుపడిన కూలివాని చేయియు దక్కును.

పొరబడుటకు మందు సరియైన సమాచారమని చెప్పితిని. దీనికి 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండు అణువిద్యుత్కేంద్రములో జరిగినది తార్కాణము. అక్కడ ఒక వాల్వు తెరచుకొని, తిరిగి మూతపడక నిలిచిపోయినది. కాని ఆపరేటర్ల ఎదుటనున్న దీపము, వాల్వును మూయుమను ఆజ్ఞ పోయినదని మాత్రమే తెలుపునది. వాల్వు నిజముగా మూతపడినదో లేదో తెలుపునది కాదు. దీపమును చూచి, మూతపడినదని వారు నమ్మిరి. అదే సమయమున నూటికి పైగా హెచ్చరికలు ఒక్కుమ్మడిగా మ్రోగినవి. అన్నియు అరచుచుండగా ఏది వినవలెనో తెలియలేదు. చెప్పిన పనికిని జరిగిన పనికిని గల తేడాను చూపని దీపము, దీపము లేకుండుటకంటె అపాయకరము. స్విచ్చి తీసితినని ఫోనులో విన్న లైన్‌మన్ స్థితియు ఇట్టిదే. అతడు విన్నది మాట. తీగలో విద్యుత్తు లేదని తెలుపునది టెస్టరు.

ఆ దుర్ఘటన జరిగినది తెల్లవారుజామున 4 గంటలకు. భోపాలు విషవాయువు 1984 డిసెంబరు 2వ తేదీ అర్ధరాత్రి వెలువడినది. చెర్నోబిల్ రియాక్టరు 1986 ఏప్రిల్ 26న రాత్రి 1 గంట 23 నిమిషములకు ప్రేలినది. విశాఖపట్టణములో స్టైరీన్ ఆవిరి 2020 మే 7న తెల్లవారకముందే ఊరిమీదకు వచ్చినది. రాత్రియే వీనికి కారణమని చెప్పరాదు. కాని మన శరీరము సూర్యునితో నడచు గడియారము. 17 గంటలు మేలుకొనియున్నవాని చురుకుదనము, రక్తములో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల మద్యమున్నవానితో సమానముగా తగ్గునని డాసన్, రీడ్ అను పరిశోధకులు 1997లో చూపిరి. మన దేశమున వాహనము నడుపువానికి చట్టము విధించిన హద్దు 30 మిల్లీగ్రాములు. త్రాగినవానిని పనిలోనికి రానీయని మనము, నిద్రలేనివానిని రెండవ షిఫ్టునకు ఉండుమని బ్రతిమాలుచుందుము. విశ్రాంతి ఉపకారము కాదు; అదియు యంత్రమునకు వేసిన కంచెవంటిదే.

ధ్యాసను నిలుపుటకు నేర్పదగిన అభ్యాసములును కొన్ని కలవు. జపాను రైల్వే ఉద్యోగులు సిగ్నలును వ్రేలితో చూపి, దాని రంగును బిగ్గరగా పలుకుదురు. చూచువారికి నవ్వు వచ్చును. కాని కన్ను, చేయి, నోరు, చెవి నాలుగును ఒకే వస్తువుపై నిలిచినపుడు మనస్సు తప్పించుకొని పోజాలదు. అక్కడి రైల్వే పరిశోధనా సంస్థ 1994లో చేసిన పరీక్షలో, సులభమైన పనులలో పొరపాట్లు ఈ పద్ధతివలన నూటికి సుమారు 85 వంతులు తగ్గినవి. మన రైళ్లలోను డ్రైవరును సహాయకుడును సిగ్నలు రంగును ఒకరికొకరు పలికి చెప్పుకొందురు.

ఇక త్రుటిలో తప్పిన ప్రమాదములనుగూర్చి చెప్పవలెను. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ నగర సమీపమున ఒక విమానము కొండను ఢీకొని 92 మంది మరణించిరి. విమానాశ్రయమువారి అనుమతిని పైలట్లు ఒక విధముగా అర్థము చేసికొనగా, అనుమతినిచ్చినవారి ఉద్దేశము వేరు. విచారణలో తెలిసినదేమనగా, ఆరు వారముల ముందు వేరొక కంపెనీ విమానము సరిగా అదే అపార్థముచేత అదే కొండకు తగులబోయి తప్పించుకొన్నది. ఆ కంపెనీ తన పైలట్లకు చెప్పుకొన్నది. ఇతరులకు చెప్పుటకు మార్గము లేకపోయినది. అందువలననే 1976లో అమెరికాలో, పైలట్లు తమ పొరపాట్లను శిక్షాభయము లేక తెలుపుకొను పద్ధతి నేర్పరచి, దాని నిర్వహణను అంతరిక్ష సంస్థయైన నాసాకు అప్పగించిరి.

ఇట్టి హెచ్చరిక మనకును వచ్చినది. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజారు స్టేషనువద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌నకు ముఖ్యమార్గముపై పచ్చ సిగ్నలు వచ్చినది. పట్టాలు మాత్రము పక్కమార్గమునకు తిరిగియున్నవి. అక్కడ ఇనుప ఖనిజముతో గూడ్సుబండి నిలిచియున్నది. 290 మందికి పైగా మరణించిరి. మద్రాసు, విశాఖ, విజయవాడలకు చేరవలసినవారు ఆ బండిలో నుండిరి. సిగ్నలు తీగల మార్పులో పూర్వము జరిగిన తప్పును, తీగలపై సరిదిద్దక విడిచిన తప్పు పేర్లును దీనికి మూలమని రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలినది. 2022 మే 16న అదే రైల్వేలో వేరొక స్టేషనువద్ద ఇట్టి తీగల తప్పే బయటపడినదనియు, అప్పుడే అంతటను సరిచూచియున్నచో ఈ ఘోరము తప్పియుండెడిదనియు ఆ నివేదిక తెలిపినది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటను మనము నిందింతుము. చేయి కాలబోయి తప్పినపుడే ఆకులు వెదకువాడు వివేకి.

రీజన్ పండితుడు చెప్పిన ఉపమానమొకటి ప్రసిద్ధము. ప్రమాదమునకు అడ్డముగా మనము పెట్టిన ప్రతి గోడయందును కొన్ని రంధ్రములుండును. ఒక్క గోడ రంధ్రమువలన అపాయము రాదు. రంధ్రములన్నియు ఒకే వరుసకు వచ్చిననాడు అపాయము లోపలికి చొచ్చుకొని వచ్చును. విశాఖ దుర్ఘటనలో 12 మంది మరణించిరి. ప్రభుత్వము నియమించిన సంఘము చూపిన లోపములు ఇట్టి వరుసయే. ట్యాంకు పైభాగపు వేడిని తెలుపు సాధనము లేదు, రసాయనము గడ్డకట్టకుండ కలుపవలసిన మందు కొరతపడినది, సైరన్లుండియు మ్రోగలేదు. ఆ రాత్రి విధిలోనున్న మనిషిని మాత్రమే పట్టుకొన్నచో, ఈ గోడలలో ఒక్కదానిని కూడ మనము పూడ్చినవారము కాము.

తెలిసియు నియమమును దాటువారిమాట యేమని అడుగవచ్చును. మత్తులో పనికి వచ్చినవానిని, బుద్ధిపూర్వకముగా కంచెను విరిచినవానిని క్షమింపవలెనని నేను చెప్పను. కాని చాల ఉల్లంఘనలు వేరు రకపువి. రబ్బరు తొడుగులు వేసికొనవలెనని నియమము; తొడుగులు చినిగి మూడు నెలలైనది. ఇద్దరు కలసి పోవలెనని నియమము. ఆరు ఊళ్లకు ఉన్నది ఒక్కడే. పైరు ఎండుచున్నది, మోటారు నడువవలెనని రైతులు తొందర. లైన్‌మన్ రాలేదని రైతే ట్రాన్స్‌ఫార్మరువద్దకు పోయి ఫ్యూజు వేయబోవును. నియమమును పాటించినచో పని సాగని చోట, నియమమును దాటినవానిని శిక్షించుట న్యాయము కాదు. అది నియమము వ్రాసినవారు తమ తప్పును అతని తలకు చుట్టుట.

అపాయమును అణచు ఉపాయములకు ఒక వరుస యున్నది. మొదటిది అపాయమును తొలగించుట. రెండవది దానికి బదులు మృదువైనదానిని వాడుట. మూడవది అడ్డుగోడ కట్టుట. నాలుగవది నియమములు, హెచ్చరికలు. చివరిది తొడుగులు, టోపీలు. పైది బలమైనది, క్రిందిది బలహీనము. స్నానపుగది కడుగు ఆసిడ్‌ను తీసికొందము. దానిని ఇంటికి తేకుండుట ఉత్తమము. సబ్బునీటితో పని గడచినచో అది మేలు. తెచ్చినచో తాళమువేసిన అలమారలో నుంచవలెను. సీసాపై చీటీ అంటించుట అంతకంటె తక్కువ రక్షణ. ఏలయన రెండేండ్ల బిడ్డకు చదువు రాదు. దానిని మంచినీళ్ల సీసాలో పోయుటమాత్రము, రెండు మీటలను ఒకే ఆకారమున చేసినవారి తప్పునే మన ఇంటిలో చేయుట.

ఇక స్తంభముపై విడిచివచ్చిన లైన్‌మన్‌ను క్రిందికి దింపుదము. ఫీడరు స్విచ్చిని తీసిన తరువాత దానికి తాళమువేసి, ఆ తాళపుచెవి అతని జేబులోనే యుండినచో, అతడు దిగిరానిదే ఎవరును స్విచ్చి వేయజాలరు. ఇద్దరు పనిచేయుచున్నచో రెండు తాళములు. రెండును తీసిననే స్విచ్చి కదలును. ఇదియే రైలు టోకెన్. తీగను ముట్టకమునుపు టెస్టరుతో చూచి, పనిచేయు చోటికి ఇరుప్రక్కల ఎర్త్ రాడ్లు తగిలించినచో, ఎవరో పొరబడి విద్యుత్తు వదలినను అది భూమిలోనికి పోవును గాని అతని దేహములోనికి పోదు. ఇన్ని గోడలలో ఒకటి రెండు చెడినను అతడు ఇల్లు చేరును.

వీనిలో ఒక గోడ మన ఇంటిలో నున్నది. కరెంటు పోయినపుడు జనరేటరును సరియైన మార్పిడి స్విచ్చి లేక ఇంటి తీగలకు కలిపినచో, ఆ విద్యుత్తు వీధిలోని తీగలకు ఎదురుపోయి, ట్రాన్స్‌ఫార్మరు ద్వారా 11 వేల వోల్టులై, తీగ చల్లగా నున్నదనుకొన్న మనిషిని తాకవచ్చును. మన ఇంట దీపము వెలుగుటకై అతడు స్తంభమెక్కినాడు. ఆ స్విచ్చి ఉన్నదో లేదో తెలిసిన ఎలక్ట్రీషియనుచేత ఒకమారు చూపించుకొనుట మన వంతు.

1966 మార్చి 4న మన దేశమున జాతీయ భద్రతా మండలి ఏర్పడినది. ఏటేట ఆ తేదీని భద్రతా దినముగా జరుపుచున్నారు. ప్రతిజ్ఞలు చదువుదురు, బ్యాడ్జీలు పెట్టుకొందురు. మంచిదే. కాని ఆనాడు ప్రతి కర్మాగారములోను ఒక ప్రశ్న వేయుట అంతకంటె మంచిది: “ఈ ఏడు ఇక్కడ త్రుటిలో తప్పినవి ఏవి? వానిని చెప్పినవానికి మనము ఏమిచ్చితిమి, మెమోయా, కృతజ్ఞతయా?” చెప్పినవాడు మరల చెప్పుటకు ధైర్యము చేయగలచోట మనుష్యులు ఏమరినను ప్రాణములు నిలుచును. సాయంకాలము సైరన్ మ్రోగిన తరువాత వీధి చివర సైకిలు గంట వినిపించువరకు చెవులొగ్గి కూర్చుండు ఇండ్లు మన ఊళ్లలో అనేకము కలవు. ఆ గంట వినిపించుట ఒక మనిషి ఏనాడును ఏమరకుండుటపై ఆధారపడియుండరాదు.